అయస్కాంతం అంటుకోని చోటు

కృష్ణా కాలువల కింద ఒక ఊళ్ళో ఒక రైతు ఉండేవాడు. ఆయనకు ఎర్ర రంగు మారుతి 800 కారు ఉండేది. 1983 డిసెంబరులో మొదటి బండి రోడ్డెక్కిన నాటి నుంచి 2014లో తయారీ ఆగిపోయేదాకా, మన ఊళ్ళలో కారు అంటే చాలామందికి ముందుగా కళ్ళలో మెదిలింది ఆ బండే. రైతు దాన్ని మినుముకు మంచి ధర పలికిన ఏడాది కొన్నాడు.

కారు వచ్చాక ఇంట్లో ఏ పని పడినా దాని మీదే నడిచింది. పురుళ్ళకు అదే వెళ్ళింది, పెళ్ళిళ్ళకు అదే వెళ్ళింది, పురుగుమందు డబ్బాలు తేవడానికీ అదే వెళ్ళింది. వెళ్ళిన ప్రతిచోటా ఏదో ఒక స్టిక్కరు అంటించుకుని వచ్చింది. శబరిమల వెళ్ళిన ఏడాది బానెట్ నడుమ అయ్యప్ప వెలిశాడు. ఎన్నికల ఏడాది కుడి తలుపు మీద పార్టీ గుర్తు పడింది. చిన్నకొడుకు కాలేజీలో చేరగానే డిక్కీ మీద అభిమాన హీరో మొహం రేడియంలో మెరిసింది. ఎరువుల కంపెనీవాళ్ళు ఇచ్చింది వెనక బంపరు మీదికి చేరింది. ఎడమ తలుపు మీద పళ్ళెమంత గుండ్రటి పులి బొమ్మ ఉండేది. వెనక ఎడమ మూలన, చక్రం పైభాగాన, విత్తనాల కంపెనీ స్టిక్కరు ఒకటి వంకరగా అంటించి ఉండేది. అది ఎప్పుడు వచ్చిందో, అంత వంకరగా ఎందుకు అంటించారో ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు.

ఏళ్ళు గడిచాయి. రైతు పెద్దవాడయ్యాడు. మనవరాలు చదువు ముగించి విజయవాడలో ఉద్యోగం తెచ్చుకుంది, డ్రైవింగ్ నేర్చుకుంది. తాత కారు ఇస్తానన్నాడు. ఆ బొమ్మలన్నీ తీయిస్తేనే తీసుకెళ్తానని ఆ పిల్ల పట్టుబట్టింది. ఉద్యోగానికి వెళ్ళే బండి మీద ఏ పార్టీ గుర్తూ, ఏ హీరో మొహమూ ఉండకూడదన్నది ఆమె మాట. రైతుకు అందులో తప్పేమీ కనిపించలేదు. అయితే తన వైపు నుంచి ఒక షరతు పెట్టాడు. కంపెనీ వేసిన రంగు మీద ఒక్క గీత కూడా పడకూడదన్నాడు.

పని ముందుగా పెద్దకొడుకు అందుకున్నాడు. ఈ విషయంలో తనకు అనుభవం ఉందని అతని నమ్మకం. 2012 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కార్ల అద్దాలకు నల్ల ఫిల్ము ఉండకూడదని తీర్పు ఇచ్చినప్పుడు, ఊళ్ళో అందరి బళ్ళకూ ఫిల్ము పీకిపెట్టింది అతనే. అద్దాన్ని సబ్బునీళ్ళతో బాగా తడిపి, బ్లేడును పడుకోబెట్టినట్టు పట్టుకుని, ఒకే వైపుకు నెట్టుకుంటూ పోయేవాడు. ఫిల్ము చుట్టలు చుట్టుకుని వచ్చేసేది, అద్దం మీద గీత పడేది కాదు. అదే బ్లేడు, అదే సబ్బునీళ్ళు పట్టుకుని ఇప్పుడు డిక్కీ దగ్గర కూర్చున్నాడు.

కారు రంగు అద్దం కాదు. రేకు మీద వేసిన పొరలన్నీ కలిపి కొలిచినా మిల్లీమీటరులో పదో వంతు దరిదాపుల్లోనే ఉంటుంది. అందులోనే తుప్పు పట్టకుండా వేసే అడుగు పూత, దాని మీద ప్రైమరు, ఆపైన రంగు. ఈ రోజుల్లో వచ్చే బళ్ళకు రంగు మీద గాజులా మెరిసే క్లియర్ కోటు కూడా ఉంటుంది కానీ, ఆ కాలపు సాదా రంగులకు చాలావాటికి అదీ ఉండేది కాదు. బ్లేడు మొన తగిలిన ప్రతిచోటా ఎర్ర రంగు సన్నటి దారంలా లేచింది. హీరో మొహం సగం ఊడేసరికి డిక్కీ మీద డజన్ల గీతలు పడ్డాయి. మిగిలిన జిగురు పోవడానికి అతను గుడ్డను థిన్నరులో ముంచి గట్టిగా తుడిచాడు. జిగురు పోయింది, దానితోపాటు నిగారింపూ పోయింది. గుడ్డకు ఎర్ర రంగు అంటింది. రైతు వచ్చి చూసి, ఏమీ అనకుండా బ్లేడు తీసి గూట్లో పెట్టేశాడు.

రెండో రోజు టౌనులో రేడియం షాపు కుర్రాణ్ణి పిలిపించారు. ఆ కుర్రాడు పనిమంతుడు. వస్తూనే బండిని నీడలో పెట్టించి, షాంపూ నీళ్ళతో దుమ్మంతా కడిగించాడు. దుమ్ము మీద గుడ్డ ఆడిస్తే ఇసుక రేణువులే రంగును గీస్తాయని అతనికి తెలుసు. సంచిలోంచి జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరు తీశాడు. షాపులో హీట్ గన్ ఉన్నా తేలేదు. దాని వేడి ఒక్క నిమిషం ఒకేచోట నిలిచినా రంగు పొంగుతుంది.

బానెట్ మీద అయ్యప్ప దగ్గర మొదలుపెట్టాడు. డ్రయ్యరును జానెడు దూరంలో పట్టుకుని, ఎక్కడా ఆపకుండా తిప్పుతూ, రేకు మీద అరచెయ్యి పెడితే చురుక్కుమని తగిలేదాకా వేడి చేశాడు. స్టిక్కరు ఊడనిది జిగురు వల్ల. ఆ జిగురు చల్లగా ఉంటే పట్టు విడవదు, వేడెక్కితే మెత్తబడుతుంది. అంచు లేపడానికి గోరు వాడాడు, గోరు దూరని చోట పాత ఏటీఎం కార్డు వాడాడు. లేచిన అంచును పైకి లాగలేదు. వెనక్కి మడిచి, రేకుకు ఆనించినట్టుగానే ఉంచి, వేలి వెడల్పు చొప్పున నెమ్మదిగా లాగాడు. ఏళ్ళ తరబడి ఎండలో ఉన్న స్టిక్కరు కావడంతో అందులోని ప్లాస్టిక్ పెళుసెక్కిపోయింది. అప్పడం ముక్కల్లా విరిగి విరిగి వచ్చింది. అయినా అతను విసుక్కోలేదు. ముక్క ముక్కకూ మళ్ళీ వేడి చేశాడు. మిగిలిన జిగురు మీద కొబ్బరి నూనె రాసి, అది నానేదాకా టీ తాగి, మెత్తటి గుడ్డతో ఒత్తి తుడిచాడు. మధ్యాహ్నానికి బానెట్ మీద ఒక్క గీత లేకుండా అయ్యప్ప దిగాడు. ఇంటిల్లిపాదీ వచ్చి చూశారు. రైతు మొహం వికసించింది. పార్టీ గుర్తు కూడా అదే పద్ధతిలో, అంతకంటే తేలిగ్గా వచ్చేసింది.

ఆ ఉత్సాహంతోనే కుర్రాడు ఎడమ తలుపు దగ్గరికి వెళ్ళాడు. డ్రయ్యరు అదే, దూరం అదే, వేడి అదే, చేతిలో ఓపికా అదే. పులి బొమ్మ అంచు ఇట్టే లేచింది. నెమ్మదిగానే లాగాడు. బానెట్ మీద గంటల సేపు సతాయించిన పని ఇక్కడ చిటికెలో అయిపోతోందని సంబరపడేలోపు, స్టిక్కరు వెనక వైపు ఎర్రగా కనిపించింది. అరచేతి మేర రంగు పెచ్చులా లేచి బొమ్మతోపాటు వచ్చేసింది. తలుపు మీద బూడిద రంగు లప్పం బయటపడింది.

కుర్రాడు కొయ్యబారిపోయాడు. అతను చేసిన దాంట్లో తొందర లేదు, మొరటుతనం లేదు. ఉదయం నుంచి మెప్పు తెచ్చిన చెయ్యే అది. తప్పెక్కడ జరిగిందో అతనికి అంతుపట్టలేదు.

రైతుకు మాత్రం అప్పుడు గుర్తొచ్చింది. ఎప్పుడో వరికుప్పల రోజుల్లో ఎదురుగా వచ్చిన ట్రాక్టరు ట్రక్కు ఆ తలుపును గీరేసింది. పని తెమలాలని రోడ్డు పక్కన షెడ్డులో లప్పం పెట్టించి, ఒక్క పూటలో రంగు కొట్టించాడు. ఆ ఎరుపు మిగతా ఎరుపులో కలవలేదు. ఆ తేడా కనిపించకూడదనే పులి బొమ్మ కొని తానే అంటించాడు. అంటించాక మరిచిపోయాడు. ఇన్నేళ్ళలో దాని గురించి ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. కుర్రాడు డబ్బులు వద్దని వెళ్ళిపోబోతే పిలిచి, బానెట్ పనికి పూర్తి కూలి ఇచ్చి పంపాడు.

ఫ్యాక్టరీలో రంగు వేసిన బాడీని 140 డిగ్రీల దరిదాపు వేడిలో ఓవెన్‌లో కాలుస్తారు. అలా కాలిన రంగు రేకును వదలదు. షెడ్డులో వేసిన రంగు గాలికి ఆరేదే. కింద పాత రంగును ఉప్పుకాగితంతో సరిగా రుద్దకపోయినా, ప్రైమరు ఎగ్గొట్టినా, దాని పట్టు అంతంతమాత్రం. అలాంటి చోట జిగురుకు రంగుతో ఉన్న బంధం, రంగుకు రేకుతో ఉన్న బంధం కంటే గట్టిది. ఎంత మెల్లగా లాగినా ముందు ఊడేది రంగే.

వారం రోజులు కారు కొట్టంలోనే ఉంది. ఆ తర్వాత ఎవరో ముసలి మేస్త్రీ సంగతి చెప్పారు. విజయవాడ ఆటోనగర్‌లో టింకరింగు, పెయింటింగు పనులు చేసి చేసి, చూపు మందగించాక సొంతూరు వచ్చి ఉంటున్నాడు. రైతు స్వయంగా వెళ్ళి తీసుకొచ్చాడు.

మేస్త్రీ స్టిక్కర్ల వైపు చూడనే లేదు. పొద్దున్నే ఏటవాలు ఎండలో బండిని పెట్టించి, బాడీ వెంబడి కంటిని ఆనించి ఇటు చివర నుంచి అటు చివరకు చూశాడు. ఎగుడుదిగుడు ఉన్నచోట వెలుగు వంకర తిరిగింది. తలుపుల రబ్బరు బీడింగులు వేళ్ళతో తిప్పి చూశాడు. ఎడమ తలుపు రబ్బరు మీద ఎర్రటి తుంపర ఉంది. తర్వాత చేత్తో రేకును అక్కడక్కడా తట్టి విన్నాడు. ఆఖరుకు జేబులోంచి చిన్న అయస్కాంతం తీశాడు. బల్ల సొరుగు తలుపుకు బిగించేటంతది. గీత పడకుండా దానికి పాత బనీను గుడ్డ చుట్టి ఉంది. దాన్ని బాడీ మీద అంగుళం అంగుళం జరుపుతూ పోయాడు. మంచి రేకు ఉన్నచోట అయస్కాంతం గట్టిగా పట్టుకుంది. లప్పం మందంగా ఉన్నచోట పట్టు జారింది. జారిన చోటల్లా సుద్దముక్కతో చుక్క పెట్టాడు.

అది చాలక రైతును పక్కన కూర్చోబెట్టుకుని బండి చరిత్ర అంతా అడిగాడు. ఎక్కడెక్కడ గుద్దుకుంది, ఏ ఏడాది వరద నీళ్ళలో నిలబడింది, ఏ మూల తుప్పు పట్టింది, ఎవరి చేత చేయించారు. ఒక పూట ఈ మాటలతోనే గడిచిపోయింది. కొడుకులు విసుక్కున్నారు. స్టిక్కర్లు తీయడానికి వచ్చినవాడు ఒక్క స్టిక్కరూ ముట్టుకోకుండా అన్నానికి లేచాడని నవ్వుకున్నారు. మనవరాలు మాత్రం అక్కడే కూర్చుని అన్నీ విన్నది. ఆమెకు ఆ పూట తాత గురించి తెలియని సంగతులు చాలా తెలిశాయి.

మధ్యాహ్నం నుంచి పని మొదలైంది. వెనక బంపరు ప్లాస్టిక్ కాబట్టి డ్రయ్యరు కూడా పెట్టనివ్వలేదు. వేడెక్కువైతే ప్లాస్టిక్ వంకర పోతుంది. వేడినీళ్ళలో ముంచి పిండిన గుడ్డను కప్పి, చల్లారాక మళ్ళీ కప్పి, ఎరువుల కంపెనీ స్టిక్కరును వదులు చేశాడు. బండి అమ్మిన షోరూమువాళ్ళ పేరు అక్షరాలు డిక్కీకి స్పాంజి టేపుతో అంటించి ఉన్నాయి. వాటిని ఎత్తి పీకలేదు. కొంచెం వేడి చేసి, చేపలు పట్టే నైలాన్ దారాన్ని వెనక నుంచి రంపంలా ఇటూ అటూ ఆడిస్తే అక్షరాలు ఒక్కొక్కటిగా రాలాయి. ఎడమ తలుపు మీద మిగిలిన పులి బొమ్మను లాగనే లేదు. ఎలాగూ ఆ తలుపుకు మళ్ళీ రంగు తప్పదు కాబట్టి ఊడిన పెచ్చు అంచులకు టేపు వేసి నీళ్ళు దిగకుండా చూశాడు.

బానెట్ మీద ఇంకో చిక్కు కనిపించింది. అయ్యప్ప దిగినచోట ఆ ఆకారమే ముదురు ఎరుపులో నీడలా మిగిలింది. స్టిక్కరు రంగును పాడుచేసిందని కొడుకులు అనుకున్నారు. ఆ మచ్చను రుద్దెయ్యమన్నారు. నిజానికి కొన్ననాటి ఎరుపు ఉన్నది ఆ ఒక్క చోటే. ఎండకు వెలిసి ఇటుక పొడి రంగుకు వచ్చింది చుట్టుపక్కలది. మేస్త్రీ ఆ ఆకారాన్ని ముట్టుకోకుండా, దాని చుట్టూ రబ్బింగు కాంపౌండు వేసి చేత్తోనే పాలిష్ పట్టాడు. రేకు మడత తిరిగే అంచుల మీద రంగు పలచగా ఉంటుందని వాటిని వదిలేశాడు. వెలిసిన పొర పోయేకొద్దీ అడుగున ఉన్న ఎరుపు పైకి వచ్చి, అయ్యప్ప ఆకారం అందులో కలిసిపోయింది. డిక్కీ మీద బ్లేడు గీతల్లో పైపైవి కూడా ఆ పాలిష్‌కు మాయమయ్యాయి. లోతైనవి మిగిలాయి.

చివరికి వెనక ఎడమ మూలన ఉన్న వంకర స్టిక్కరు దగ్గరికి వచ్చారు. అరచేతిలో సగం లేదు అది. దాని చుట్టూ మేస్త్రీ పెట్టిన సుద్ద చుక్కలు నిండుగా ఉన్నాయి. అయస్కాంతం అక్కడ అసలు నిలవలేదు. మేస్త్రీ దాన్ని తియ్యనన్నాడు.

రైతు బతిమాలాడు. అన్నీ పోయాక అదొక్కటే దిష్టిచుక్కలా ఉంటుందన్నాడు. పెద్దకొడుకు తాను తీస్తానని ముందుకొచ్చాడు. మేస్త్రీ అతని చెయ్యి పట్టుకుని ఆపి, సంగతి విడమరిచి చెప్పాడు. ఆ మూలన చక్రం విసిరే బురద చేరి రేకు లోపలి నుంచి తుప్పు తిన్నది. ఎవరో తుప్పు తీయకుండానే పైన లప్పం దట్టించారు. లప్పం పగులు తెరిస్తే ఆ పగులు మీద స్టిక్కరు అంటించారు. అందుకే అది వంకరగా ఉంది. పగులు ఎటు పోతే స్టిక్కరూ అటే పోయింది. ఇన్నేళ్ళు నీళ్ళు లోపలికి దిగకుండా కొంతైనా అడ్డుపడింది ఆ ముక్కే. తుప్పు గీకి, తిన్నంత మేర రేకు కోసి, కొత్త రేకు వెల్డింగు చేసి, ప్రైమరు కొట్టి, రంగు వెయ్యడానికి డబ్బూ తీరికా ఉన్న రోజున అది తీయవచ్చు. ఆ రోజు దాకా దాని జోలికి వెళ్ళకూడదు. ఈ మాట చెప్పి మేస్త్రీ తన అయస్కాంతం జేబులో వేసుకున్నాడు.

రైతు చాలాసేపు ఆ మూల దగ్గరే నిలబడ్డాడు. ఆ లప్పం పెట్టించిన ఏడాది ఆయనకు జ్ఞాపకం వచ్చింది. తుపాను గాలికి చేతికొచ్చిన పంట నేలపాలైన ఏడాది అది. చేతిలో డబ్బు లేదు, పెద్ద కూతురి పెళ్ళి ముహూర్తం దగ్గరపడింది. వియ్యంకుల ముందుకు పగిలిన బండితో వెళ్ళలేక, గల్లాపెట్టె అడుగున దొరికిన విత్తనాల స్టిక్కరు తీసి అంటించాడు. ఆ సంగతి భార్యకు కూడా చెప్పలేదు.

మనవరాలు ఆ స్టిక్కరుతోనే కారు తీసుకెళ్ళింది. ఆఫీసులో ఎవరైనా అడిగితే అది మా బండికి కావలసిందేనని చెప్పింది. మరుసటి ఏడాది సంక్రాంతి దాటి పంట డబ్బు చేతికొచ్చాక, తాతా మనవరాలూ కలిసి బండిని ఆటోనగర్‌కు తీసుకెళ్ళారు. ముసలి మేస్త్రీ కూడా వెంట వెళ్ళి, పని దగ్గరుండి చేయించాడు. ఎడమ తలుపుకూ ఆ మూలకూ సరైన పని జరిగింది. తుప్పు రేకుతోపాటు స్టిక్కరూ పోయింది. దాన్ని ఎవరూ లాగవలసిన అవసరం రాలేదు.

మనుషులకు అంటుకుని ఉండే మొండితనం, గొప్పలు చెప్పుకునే అలవాటు, నోటి దురుసు మనకు పైపై స్టిక్కర్లలా కనిపిస్తాయి గానీ, వాటిలో కొన్ని ఎప్పటిదో ఒక దెబ్బను కప్పుకోవడానికి ఆ మనిషి తన చేత్తో అంటించుకున్నవి. వాటిని కోపంతో గీకినా రంగు పోతుంది, అడుగున ఏముందో కనుక్కోకుండా ప్రేమగా లాగినా రంగు పోతుంది. కాబట్టి కొడుకునో కోడలినో స్నేహితుణ్ణో మార్చాలనుకున్నవాళ్ళు ముందు ఒక పూట కూర్చుని వాళ్ళు చెప్పేది వినాలి, లోపలి తుప్పును బాగుచేసే బాధ్యత తీసుకోలేని రోజున పైనున్న ఆ ముక్కను ఉండనివ్వాలి.